స్టీరింగ్ మీద అరిగిన చోటు

“అంట్లు తోమడం అయ్యాక కాస్త దీని సంగతీ చూసెయ్,” అంటూ మేస్త్రి ఆ లారీ స్టీరింగ్ తెచ్చి సింకు పక్కన, మాడిన పాలగిన్నెకీ టీ కప్పులకీ మధ్య పెట్టి వెళ్ళిపోయాడు.

చూసెయ్ అట! అదేదో జాడించి ఆరేసే తువ్వాలైనట్టు. చిన్న బల్లంత ఉందది. నల్లటి చుట్టు నిండా పగుళ్ళు, అక్కడక్కడా పెచ్చులూడి లోపలి ఇనుము బయటపడింది, చువ్వలకి తుప్పు, ముట్టుకుంటే చేతికి జిడ్డు. ఆయన దృష్టిలో మాడిన గిన్నెకీ దీనికీ తేడా లేదు. రెండూ మురికి పట్టినవే, రెండూ పెళ్ళాం చేతిలో పడితే మెరిసేవే, రెండింటికీ ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఆ ఇంట్లో ఆమెని నిదానం అని పిలుస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో, ఏ పని ముట్టుకున్నా అంతు చూసేదాకా వదలదని మామగారు సరదాగా పెట్టిన పేరు. ఆయన నోట్లో ముద్దుగానే ఉండేది. మొగుడి నోట్లోకి వచ్చేసరికి ఎత్తిపొడుపైపోయింది. “ఏమే నిదానం, ఇంకా తెమల్లేదా?” “మా నిదానానికి టీ చెప్పాం కదా, రేపటికల్లా వచ్చేస్తుంది లెండి.” షెడ్డుకి వచ్చినవాళ్ళు పగలబడి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారని.

షెడ్డు ఇంటి వెనకే. పాత లారీలు, ఎప్పుడో తయారీ ఆపేసిన మోడళ్ళు, మోజుపడి కొనుక్కున్నవాళ్ళు అక్కడికి తెచ్చుకుంటారు. మేస్త్రి ఇంజన్లు బాగా చేస్తాడు, కాదంటే కళ్ళు పోతాయి. చచ్చిన ఇంజన్ని కూడా నాలుగు తిట్లు తిట్టి లేపగలడు. కానీ స్టీరింగులు, డాష్‌బోర్డులు, సీట్ల కుట్లు, తలుపుల లోపలి తొడుగులు, వీటన్నిటికీ ఆయన దగ్గర ఒకటే పేరు: చిల్లర పని. చిల్లర పని వంటింట్లోకి వస్తుంది. వంటయ్యాక, అంట్లయ్యాక, అత్తగారి మందులయ్యాక, పిల్లని బడికి పంపాక, మిగిలిన టైములో జరుగుతుంది. ఇక బండి తీసుకెళ్ళడానికి వచ్చిన ఆసామి చేసే మొదటి పనేమిటి? ఇంజన్ మూత తీసి చూస్తాడా? చూడడు. ఎక్కి కూర్చుని స్టీరింగ్ పట్టుకుంటాడు. పట్టుకుని, వేళ్ళతో ఒకసారి చుట్టూ తడిమి, “మేస్త్రీ, నీ చేతిలో ఏదో ఉందయ్యా!” అంటాడు. మేస్త్రి మెడ వంచి నవ్వుతాడు. పక్కనే టీ ట్రే పట్టుకుని నిలబడ్డ ఆమె, చక్కెర వేసిన కప్పు ఎవరిదో గుర్తుపెట్టుకునే పనిలో ఉంటుంది.

అలవాటైపోయింది. చెప్పొద్దూ, ఆ ఫోను రాకపోతే ఇంకా అలవాటు పడి ఉండేది కూడా.

కొత్తగా పెట్టిన ట్రైనింగ్ సెంటర్ నుంచి ఒక మేడమ్ చేసింది ఆ ఫోను. మేస్త్రి చేతులకి గ్రీజు ఉండి, “స్పీకర్ పెట్టు,” అన్నాడు. ఆమే పెట్టింది. “మీ షెడ్డు నుంచి వచ్చిన స్టీరింగులు రెండు మూడు చూశానండీ. పాత బండ్ల పని నేర్పే కోర్సు మొదలుపెడుతున్నాం. అవి ఎవరు చేశారో వాళ్ళు కావాలి నాకు. వారానికి రెండు పూటలు వచ్చి మా దగ్గర నేర్పితే చాలు,” అంది మేడమ్. ఆమె ఫోనుని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంది. ఫోను పట్టుకున్న చెయ్యి తనది. ఫోనులోని మాట తన గురించి. మేస్త్రి మాత్రం గ్రీజు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ, “నేనేనండి. వస్తాను మేడమ్, దానికేం!” అన్నాడు.

అబద్ధమాడేవాడి కన్ను ఒకసారైనా పక్కకి తిరుగుతుంది. ఆయన కన్ను తిరగలేదు. అదీ ఆమెకి కాలింది. ఆయన దాచడం లేదు, దొంగిలించడం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. పెళ్ళాం చేతులు కూడా షెడ్డు సామానే అనుకుంటున్నాడు, స్పానరూ, జాకీలాగ. స్పానర్ని పట్టుకుని ఈ నట్టు నువ్వే తిప్పావు అని ఎవరంటారు?

శనివారం వచ్చి మామగారి లారీ స్టీరింగ్ చూసి, మిగతా మాటలు మాట్లాడుకుందామంది మేడమ్. మామగారి లారీ అంటే ఆ ఇంట్లో దేవుడి తర్వాత దేవుడు. ఆయన పోయాక షెడ్డు వెనక టార్పాలిన్ కింద పడి ఉన్నదాన్ని మేస్త్రి ఏడాదిగా విప్పి బిగించాడు. స్టీరింగ్ ఒక్కటే మిగిలింది, ఇప్పుడు వంటింట్లో సింకు పక్కకి చేరింది అదే. “నాన్న చేతులు అరగదీసిన స్టీరింగ్,” అంటాడు వచ్చిన ప్రతివాడితో, ఛాతీ పొంగించి. “చీకట్లో, వానలో, ఏ డ్రైవరూ కదలనంటే మా నాన్న కదిలేవాడు.”

ఆ ఫోను వచ్చిన రోజు నుంచి భోజనాల దగ్గర ఓ కొత్త తంతు మొదలైంది. “ఇదిగో, అదేంటి, పగులు పూడ్చేముందు ఇంకా కోస్తావెందుకూ?”

“సన్నటి పగుల్లోకి మందు దిగదు. ఆకురాయితో నోరు వెడల్పు చేస్తే లోపలిదాకా దిగి పట్టుకుంటుంది.”

“ఆఁ, నోరు వెడల్పు చేస్తే...” పెదాలు కదుపుతూ బట్టీ పట్టేవాడు. “మరి కడిగిన వెంటనే ఎందుకు పూడ్చవు?”

“తడి లోపలే ఉండిపోతే మందు వదిలేస్తుంది. నీడలో బాగా ఆరాలి. ఎండలో పెడితే కొత్త పగుళ్ళొస్తాయి.”

“నీడలో. సరే సరే. ఇంకో గరిటె వెయ్యి.”

ఆమె వడ్డించింది. కూరా వడ్డించింది, విద్యా వడ్డించింది. రేపు ఈయన వెళ్ళి పదిమంది ముందు నిలబడి ‘నోరు వెడల్పు చేస్తే...’ అని చెప్పబోతున్నాడు, తను ఇంట్లో కూర్చుని ఆయన చొక్కా కాలరు మీద గ్రీజు మరక వదిలించబోతోంది. ఒళ్ళు మండిపోయింది. మండిన ఒంటితోనే మజ్జిగ కూడా పోసింది. తనమీద తనకే ఒళ్ళు మండింది అప్పుడు. ఒక్క ముక్క అనొచ్చు కదా! ‘ఆ పని నాది, నేను వెళ్తాను’. ఇంతే. గొంతుదాకా వచ్చేది. వచ్చాక, దాని వెనకాలే అన్నీ వచ్చేవి: ఆయన మొహం ఎర్రబడటం, ‘నాలుగు స్టీరింగులు తోమితే మేస్త్రివైపోయావా’ అనడం, పిల్ల బిక్కమొహం పెట్టడం, వారం రోజులు గిన్నెల చప్పుడు తప్ప ఇంట్లో మాట లేకపోవడం. అంత గొడవకి ఇదేమంత పెద్ద విషయమని మింగేసేది. అలా మింగినవన్నీ ఎక్కడికి పోయాయో ఆమెకే తెలియదు.

స్టీరింగ్ మాత్రం ఏ పాపం చేసింది? వంటింటి బల్ల మీద మడత తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టింది. పాత పళ్ళ బ్రష్షుతో, సబ్బునీళ్ళతో ప్రతి సందూ తోమింది. నీడలో ఆరబెట్టింది. పగుళ్ళు వెడల్పు చేసి, రెండు ట్యూబుల్లోంచి తీసిన మందు కలిపి, వేలు నీళ్ళతో తడుపుకుని ముద్దని లోపలికి అదిమింది. గట్టిపడ్డాక ఉప్పుకాగితంతో రుద్దడం. ముందు గరుకుది, తర్వాత నున్నది, చివర్న నీళ్ళు పోస్తూ ఇంకా నున్నది. ఈ రుద్దేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది ఆమె. కంటికి కనపడని ఎత్తుపల్లాలు వేలికి తెలుస్తాయి. ఆ కాసేపూ ఎవరూ పిలవకూడదనుకుంటుంది. పిలుస్తారు, అది వేరే సంగతి.

అలా కళ్ళు మూసుకుని రుద్దుతుండగానే తగిలింది. చుట్టు వెనక పక్క, వేళ్ళు పట్టుకోవడానికి అలలు అలలుగా పల్లాలుంటాయి. పై భాగంలో రెండు వైపులా ఆ అలలు వెడల్పుగా అరిగి ఉన్నాయి. అవి మామగారి పెద్ద పెద్ద చేతులు, సందేహం లేదు. కానీ ఎడమ వైపు బాగా కిందుగా ఇంకో చోటు ఉంది. అక్కడ నాలుగు పల్లాలు, దగ్గర దగ్గరగా, పై వాటికంటే లోతుగా అరిగిపోయి ఉన్నాయి. తన వేళ్ళు పెట్టి చూసింది. కొలత తీసి చేసినట్టు సరిపోయాయి. మామగారి రెండు వేళ్ళు కూడా పట్టవక్కడ.

“ఇదేంటి అత్తయ్యా, ఇక్కడెవరు పట్టుకున్నారు?” అంది, తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్న అత్తగారితో. ఏదో మాటవరసకి అంది.

అత్తగారు మడతపెడుతున్న దుప్పటి ఒళ్ళోనే వదిలేసింది. లేచి వచ్చి, బల్ల ముందు నిలబడి, ముడతలు పడిన తన చెయ్యి ఆ చోట పెట్టింది. వెతుక్కోలేదు. తిన్నగా వెళ్ళి అక్కడే కూర్చుంది ఆ చెయ్యి.

“మీ మామగారికి రేచీకటి అమ్మాయ్. పొద్దు వాలితే ఎదురుగా గోడ ఉన్నా కనిపించేది కాదు. తెలిస్తే ఎవరైనా లోడు ఇస్తారా? క్లీనర్ ఖర్చు కలిసొస్తుందని నన్ను ఎక్కించుకుంటున్నాడని చెప్పేవాడు అందరికీ. పొద్దు వాలాక నేను నడిపేదాన్ని. పొట్టిదాన్ని కదా, పైనుంచి తిప్పడానికి అందేది కాదు. ఇదిగో, ఇక్కడ పట్టుకుని కిందికి లాగేదాన్ని. మలుపులొస్తే భుజం ఊడిపోయేదనుకో.”

నిదానం చేతిలోని ఉప్పుకాగితం కింద పెట్టేసింది. “మరి... ఎవరికీ...”

“మన టైర్ల కొట్టు మలుపు ఉంది చూడు, అక్కడికి రాగానే ఆపేసేదాన్ని. నేను దిగి అటుపక్క ఎక్కేదాన్ని, ఆయన జరిగి స్టీరింగ్ ముందుకొచ్చేవాడు. అక్కడి దీపాల వెలుతురులో మన వీధి దాకా మెల్లగా లాక్కొచ్చేవాడు. కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడి, ‘వచ్చాడ్రా మొనగాడు!’ అనేవాళ్ళు. నేను పక్కన తల వంచుకుని కూర్చునేదాన్ని. ఇన్నేళ్ళు నడిపాను, ఒక్కసారి హారన్ కొట్టలేదమ్మాయ్. చప్పుడైతే ఎవడో ఒకడు తలెత్తి చూస్తాడని.”

“మీ అబ్బాయికి కూడా చెప్పలేదా?”

“వాడికెలా చెప్పను? నాన్నంటే అంత గొప్ప వాడికి.” అత్తగారు నవ్వింది. ఆ నవ్వులో ఏడుపేమీ లేదు, అదే నిదానానికి మరీ బాధనిపించింది. “మొదట్లో ఆయన పరువు కోసం చెప్పలేదు. తర్వాత అలవాటై చెప్పలేదు. ఆయన పోయాక చెప్పినా నమ్మేవాళ్ళు లేరు. ఎంత బాగా దాచానంటే, ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది. నిజంగా నడిపానా, కలగన్నానా అని. ఇప్పుడు నువ్వు దీన్ని కడిగి చూపించావు కాబట్టి సరిపోయింది.”

ఆవిడ దుప్పటి తీసుకుని మళ్ళీ మడతపెట్టుకోవడం మొదలుపెట్టింది. నిదానం స్టీరింగ్ ముందు అలాగే కూర్చుండిపోయింది. తన స్టీరింగులు ఎన్ని వెళ్ళిపోయాయి ఈ వంటింట్లోంచి! వాటి మీద తన చెయ్యి ఎక్కడా కనపడదు. కనపడకుండా చేయడమే కదా తన పని. పగులు ఉండేదని తెలియకుండా పగులు పూడ్చడం. ఇంకో ఇరవై ఏళ్ళు పోతే తనూ ఇలాగే ఒక స్టూలు మీద కూర్చుని, ఆ పనులు నేనే చేశానా అని అనుమానపడుతుంది. అప్పుడు కడిగి చూపించేవాళ్ళు కూడా ఉండరు. గొడవకి భయపడింది ఇన్నాళ్ళూ. దాంతో పోలిస్తే గొడవెంత? ఆయన మొహం ఎర్రబడితే ఎర్రబడనీ. అప్పుడే, ఆ బల్ల దగ్గరే, తేల్చేసుకుంది. శనివారం చెప్పేస్తుంది. చెప్పేస్తానని అనుకోగానే పిచ్చిదానిలా ఆకలేసింది.

మిగతా చుట్టంతా కొత్తదానిలా చేసింది. ఆ నాలుగు పల్లాలని మాత్రం నింపలేదు. శుభ్రం చేసి, అంచులు నునుపు చేసి, పైన రంగు పట్టించి వదిలేసింది.

బిగించడానికి తీసుకెళ్తూ మేస్త్రి వేలితో తడిమాడు. “ఇదేంటి, ఇక్కడ వదిలేశావు? నింపెయ్.”

“నింపను.”

“నింపవా?” అన్నాడు, మాట సరిగ్గా వినపడనట్టు.

“అది అలాగే ఉండాలి. ఎందుకో తర్వాత తెలుస్తుంది.”

ఆయన ఏదో అనబోయాడు. శనివారానికి టైము లేదు, రంగు ఆరడానికి అసలే లేదు. గొణుక్కుంటూ పట్టుకుపోయాడు.

శనివారం పొద్దున్నే మేడమ్ వచ్చింది. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఏమీ తినలేదు, కడుపులో బాగోలేదన్నాడు. మేడమ్ లారీ చుట్టూ తిరిగి, ఎక్కి కూర్చుని, అందరూ చేసేదే చేసింది. స్టీరింగ్ పట్టుకుని చుట్టూ తడిమింది. తడుముతూ తడుముతూ ఎడమ వైపు కిందికి వచ్చి ఆగింది.

“ఇంత బాగా చేసినవారు ఇదొక్కటీ ఎందుకు వదిలేశారు మేస్త్రీ?”

మేస్త్రి చెవి వెనక గోక్కున్నాడు. “అది... అది మేడమ్... నీడలో...” అన్నాడు.

నిదానం చేతిలోని టీ ట్రేని లారీ మడ్‌గార్డు మీద పెట్టేసింది. కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి.

“నేను వదిలేశానండీ. స్టీరింగ్ చేసింది నేను. మీరు ఇదివరకు చూసినవి కూడా నేనే చేశాను. నేర్పడానికి నేనే వస్తాను.”

అనేసింది. అని, పిడుగు కోసం ఎదురుచూసింది. భుజాలు బిగబట్టుకుని, మొగుడి వైపు చూడకుండా, పళ్ళు కరుచుకుని నిలబడింది. మేడమ్ కూడా కిందికి ఆయన వైపే చూస్తోంది. అత్తగారు గుమ్మంలో నిలబడిపోయింది.

“హమ్మయ్య!” అన్నాడు మేస్త్రి.

తనకి తెలియకుండానే వచ్చేసిందా మాట. వచ్చాక సిగ్గుపడ్డాడు. “కాదు మేడమ్, అదీ... నాకు పదిమంది ముందు నోరు పెగలదు. ఒప్పుకున్న దగ్గర్నుంచీ కడుపులో దేవేస్తోంది. ఇదే చేసిందండీ అన్నీ. ఇదే... ఈవిడే.”

నిదానానికి నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళు నిండాయి. ఇంతేనా! ఇంతమాత్రానికేనా తను ఇన్నేళ్ళు గొంతులో ముళ్ళు పెట్టుకుని తిరిగింది? హాయిగా ఉంది, ఊపిరి అడుగుదాకా ఆడుతోంది. ఆ హాయి వెనకాలే కోపమూ ఉంది. ఇంత తేలికైన మాటని ఆయనైనా ఎప్పుడో అనొచ్చు కదా, ఆయనకి పోయేదేముంది? ఆ కోపాన్ని ఆమె మింగలేదు. తీరిగ్గా తర్వాత చెప్తాననుకుని పక్కన పెట్టుకుంది.

“వెళ్ళు, వెళ్ళు. మంచిదే,” అన్నాడు మేస్త్రి, చొక్కా చేతులు మడుచుకుంటూ. ఆకలి కూడా తిరిగొచ్చినట్టుంది. “మరి ఆ రెండు పూటలా వంట?”

“మీరు చేస్తారు. నేర్పుతాను. నేర్పడానికేగా పిలిచారు నన్ను?”

మేడమ్ పకపకా నవ్వి, లారీ దిగింది. “ఇంతకీ ఆ చోటు ఎందుకు వదిలేశారో చెప్పనే లేదు.”

“అది నేను చెప్పేది కాదండీ,” అని నిదానం అత్తగారి వైపు తిరిగింది.

అత్తగారు గుమ్మం దిగి వచ్చి, కొడుకు ముందు చెయ్యి చాపింది. “తాళం ఇలా ఇయ్యి.”

“ఎందుకమ్మా?”

“ఇయ్యరా.”

మోకాళ్ళ నొప్పులని మెట్లు కూడా ఎక్కని మనిషి, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి, తలుపు పట్టుకుని, ఒక్క ఊపున పైకెక్కింది. నిదానం అటు నుంచి ఎక్కి పక్కన కూర్చుంది. మేస్త్రి నోరు తెరుచుకుని వాళ్ళ వెనకే ఎక్కి, “అమ్మా, నువ్వేంటి, ఇది లారీ, సైకిల్ కాదు,” అంటుండగానే ఇంజన్ గుర్రుమంది. అత్తగారి ఎడమ చెయ్యి తన చోటికి తను వెళ్ళిపోయింది. లారీ గేటు స్తంభాలకి జానెడు దూరంలో, ఎక్కడా తగలకుండా, బయటికొచ్చింది. మేస్త్రి ఒకసారి తల్లి చెయ్యి చూశాడు, ఒకసారి ఆ చెయ్యి కింద ఉన్న చోటు చూశాడు. ఇంజన్లు తెలిసినవాడు, ఏది ఎందుకు అరుగుతుందో ఒకరు చెప్పక్కర్లేదు.

“ఎన్నేళ్ళు?” అన్నాడు చివరికి, చిన్నపిల్లాడి గొంతుతో.

“నువ్వు పుట్టకముందు నుంచీ రా నాయనా.”

ఆయన అరచేత్తో మొహం తుడుచుకుని, తల్లికి అద్దం కనపడేలా కాస్త వెనక్కి జరిగి కూర్చున్నాడు.

దూరంగా టైర్ల కొట్టు మలుపు కనిపించింది. పొద్దుటి పూట, కొట్టు ముందు బల్లల మీద నలుగురైదుగురు టీలు తాగుతూ కూర్చున్నారు. లారీ వేగం తగ్గింది. నిదానం చూసింది. అత్తగారి కాలు బ్రేకు మీదికి వెళ్ళింది, చెయ్యి పట్టు వదులుతోంది, రెండో చెయ్యి తలుపు గడి మీద పడింది. ఎన్నేళ్ళ అలవాటో, మనిషి అడక్కుండానే ఒళ్ళు దిగిపోబోతోంది.

నిదానం ఆ వదులవుతున్న వేళ్ళ మీద తన చెయ్యి వేసి, మళ్ళీ నాలుగు పల్లాల్లోకి నొక్కింది.

“దిగక్కర్లేదు అత్తయ్యా. పోనివ్వండి.”

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. గడి మీది చెయ్యి తీసేసింది. గేరు మార్చి, మలుపు తిప్పుతూ, కొట్టు దగ్గరున్న ప్రతివాడూ తలెత్తేలా హారన్ కొట్టింది.